గండికోటను కోటగా చూడాలంటే: పెన్నా లోయ అంచున రెండు రోజుల మార్గదర్శి

గండికోటకు వచ్చేవారిలో చాలామంది వాహనం దిగి నేరుగా లోయ అంచుకు నడుస్తారు. నాలుగు ఫొటోలు తీసుకుంటారు, అరగంటలో వెనుదిరుగుతారు. ఆ లోయ అద్భుతమే, అందులో సందేహం లేదు. కానీ దారిలో వారు పట్టించుకోకుండా దాటిపోయిన గోడలు, ధాన్యాగారం, చెరువు, మసీదు, ఆలయాలు అన్నీ ఆ లోయ వల్లే అక్కడ వెలిశాయి. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ సుమారు 300 అడుగుల లోతున పారుతుంది. ఒకవైపు కాపలా కాసే భారాన్ని నదికి అప్పగించి, మిగిలిన వైపుల మీద మనుషులు శ్రద్ధ పెట్టారు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుని తిరిగితే ప్రతి రాయీ ఎందుకు అక్కడుందో అర్థమవుతూ వస్తుంది. ఈ మార్గదర్శి అలా చూడాలనుకునేవారి కోసం.

ముందుగా: ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తమం. పగలు నడవగలిగేంత ఎండ ఉంటుంది, తెల్లవారుజామున శాలువా కావాలనిపించే చలి ఉంటుంది. నన్నడిగితే వానలు వెనకబట్టిన తరువాత, అక్టోబరు చివర్లో వెళ్లడం ఇంకా బాగుంటుంది. రాళ్ల సందుల్లో పచ్చదనం మిగిలే ఉంటుంది, లోయలో నీరు కూడా నిండుగా కనిపించే అవకాశం ఎక్కువ.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్లవద్దు. కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కోటలో ఉన్నదంతా రాయే కనుక, సూర్యుడు పడమటికి వాలిన తరువాత కూడా సెగ తగ్గదు. సెలవులు వేసవిలోనే దొరికే కుటుంబాలు తప్పనిసరై వెళ్తే తెల్లవారుజాము, సాయంత్రం మాత్రమే బయట తిరగాలి. పిల్లలనూ పెద్దవాళ్లనూ మధ్యాహ్నం ఆ బండల మీద నడిపించడం ప్రమాదం.

లోయలో కనిపించే నీటి గురించి ఒక మాట. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. కనుక లోయలో నీటిమట్టం వానల మీదే కాదు, జలాశయాల నిర్వహణ మీద కూడా ఆధారపడుతుంది. ఫొటోల్లో చూసినంత నిండుగా నది ప్రతిసారీ కనిపించకపోవచ్చు. నీరు తగ్గినప్పుడు లోయ గోడలు అడుగుదాకా కనబడతాయి. రాతి పొరలను చూడాలనుకునేవారికి ఆ సమయమే మంచిది.

రాష్ట్ర ప్రభుత్వం గండికోట ఉత్సవాలు నిర్వహించే రోజుల్లో దీపాలంకరణ, సంగీతం, జనసందోహం ఉంటాయి. పండుగ వాతావరణం ఇష్టమైతే ఆ తేదీలు కనుక్కుని వెళ్లండి. కోటను నిదానంగా చూడాలంటే ఆ రోజులు వదిలి, వీలైతే వారాంతం కాని రోజు ఎంచుకోండి.

చేరుకోవడం

అన్ని దారులూ జమ్మలమడుగుకు చేరతాయి. అక్కడి నుంచి కోట పడమటి దిశగా సుమారు 15 కిలోమీటర్లు.

రైల్లో వచ్చేవారికి రెండు మార్గాలున్నాయి. గుంతకల్లు–రేణిగుంట ప్రధాన మార్గంలోని ముద్దనూరులో దిగడం ఒకటి. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో జమ్మలమడుగుకే స్టేషన్ ఉంది, అక్కడ దిగడం రెండోది. ఈ రెండో మార్గంలో రైళ్లు తక్కువ కాబట్టి సమయాలు ముందే చూసుకోవాలి. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరుల నుంచి జమ్మలమడుగుకు బస్సులు దొరుకుతాయి.

బెంగళూరు నుంచి రోడ్డు మార్గం సుమారు 280 కిలోమీటర్లు. కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా రావచ్చు. హైదరాబాదు నుంచి కర్నూలు, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా ఏడెనిమిది గంటల ప్రయాణం. ఆ దారిలో నల్లరేగడి పొలాలు, వాటిలో జొన్న, శనగ పైర్లు, రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్లు కనిపిస్తాయి. ఇళ్ల గచ్చులకు మనవాళ్లు వాడే కడప బండల సీమ ఇదే.

జమ్మలమడుగు నుంచి కోటకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. సొంత వాహనం లేనివారు ఆటో మాట్లాడుకోవడం మేలు. రానూపోనూ, కోట దగ్గర ఎన్ని గంటలు ఆగాలో ముందే స్పష్టంగా చెప్పి బేరం కుదుర్చుకోండి. చీకటి పడ్డాక కోట దగ్గర ఆటో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

బస

కోట సమీపంలో రాష్ట్ర పర్యాటక సంస్థవారి హరిత హోటలు ఉంది. శీతాకాలపు శని, ఆదివారాల్లో గదులు త్వరగా నిండిపోతాయి కనుక ముందే నమోదు చేసుకోవాలి. గుడారాలు అద్దెకిచ్చేవారు కూడా ఉన్నారు. గుడారంలో ఉండాలనుకుంటే మూడు విషయాలు అడగండి: మరుగుదొడ్డి ఉందా, రాత్రి వెలుతురు ఉంటుందా, గుడారం లోయ అంచుకు ఎంత దూరం. మూడో ప్రశ్నకు జవాబు సరిగా రాకపోతే అక్కడ ఉండవద్దు. కుటుంబంతో వచ్చేవారికి జమ్మలమడుగులోగాని ప్రొద్దుటూరులోగాని దిగి, తెల్లవారకముందే బయలుదేరడం కూడా మంచి పద్ధతే.

భోజనం విషయంలో ఆశలు మితంగా ఉంచుకోండి. కోట లోపల ఉన్నది చిన్న ఊరు. టీ, చిరుతిళ్లు దొరుకుతాయి, వాటి మీదే రోజంతా గడపలేం. ఉదయం జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరితే మధ్యాహ్నందాకా ఇబ్బంది ఉండదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే ముందుగా చెప్పి చేయించుకోవాలి. సంగటి వేడిగా తినాల్సిన వంట, ఉదయమే చేసి డబ్బాలో పెట్టిస్తే మధ్యాహ్నానికి బాగుండదు.

సంచిలో ఏముండాలి

మనిషికి కనీసం 2 లీటర్ల నీరు, టోపీ, పట్టు జారని బూట్లు, చిన్న టార్చి. చెప్పులతో లోయ దగ్గరి బండలు ఎక్కవద్దు. మసీదులోకి వెళ్లేటప్పుడు బూట్లు విప్పాలి కనుక సులువుగా విప్పగలిగినవి వేసుకోండి. ఫోనులో ఈ ప్రాంతపు మ్యాపును ముందే దింపి ఉంచుకోండి. దుర్భిణి ఉంటే తప్పక తెచ్చుకోండి, అవతలి గట్టు గోడలను దానితో చూడటం వేరే అనుభవం.

డ్రోను తేవద్దు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అనుమతి లేకుండా ఎగరవేయకూడదు.

మొదటి మజిలీ: తూర్పు ద్వారం

ఇక్కడే ఆగండి. అందరూ తొందరగా దాటే చోటు ఇదే, కోట గురించి ఎక్కువ చెప్పేదీ ఇదే.

ప్రాకారం ఎత్తు చోటును బట్టి 10 నుంచి 13 మీటర్ల వరకు ఉంటుంది. మొత్తం చుట్టుకొలత సుమారు 5 మైళ్లు. కొన్ని బురుజులు చతురస్రంగా, కొన్ని గుండ్రంగా ఉంటాయి. రాయి చూపుకు ఎర్రటి ఇసుకరాయిలా ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ కొండల రాతిపొరకు గండికోట క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) అనే పేరే పెట్టారు. కడప రాతి సముదాయంలోని చిత్రావతి వర్గానికి చెందిన పొర ఇది, వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. కొండ దేనితో ఏర్పడిందో కోట కూడా దానితోనే కట్టారు. అందుకే దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

పెద్ద చెక్క తలుపులను, వాటికి బిగించిన ఇనుప మేకులను చూడండి. ఏనుగులు తలతో తలుపులను గుద్ది విరగగొట్టకుండా ఉండటానికే అవి. ద్వారం లోపల దారి తిన్నగా సాగదు, మలుపు తిరుగుతుంది. తలుపు పగిలినా శత్రువు పరుగున లోపలికి దూసుకురాలేడు, వేగం తగ్గించుకోవాలి, ఆ సమయంలో పైనుంచి దాడి జరుగుతుంది. ఆ మలుపులో ఒక నిమిషం నిలబడి పైకి చూడండి. పైన నిలబడినవాడికి మీరు ఎంత స్పష్టంగా కనిపిస్తారో తెలుస్తుంది.

ఇక్కడే కొంచెం చరిత్ర చదువుకుని ముందుకు వెళ్తే మంచిది. స్థానిక చరిత్ర 12వ శతాబ్దంలో కాకరాజు అనే పాలకుడు ఇక్కడ తొలి కోట కట్టించాడని చెబుతుంది. దీన్ని గొప్ప దుర్గంగా తీర్చినవారు విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకులు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుబడినా, ఈ కొండ మీద నాయకుల పాలన సాగింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దీన్ని గెలుచుకున్నాడు. తరువాత మొగలులు, కడప నవాబులు, మైసూరు పాలకులు వచ్చారు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో ఇది ఇంగ్లీషువారి చేతికి వెళ్లింది.

మీర్ జుమ్లా గెలిచిన కొద్దికాలానికే, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అతణ్ణి కలవడానికి ఇక్కడికి వచ్చాడు. కర్ణాటక రాజ్యంలోని (విజయనగర పాలనలో ఉన్న సీమకు అప్పటి పేరు) అతి బలమైన పట్టణాల్లో ఇదొకటని రాశాడు. కొండను తొలిచి చేసిన దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే ఉందని, పక్కనే భయంకరమైన లోయ, దాని అడుగున పెద్ద నది ఉన్నాయని వర్ణించాడు. పైన చిన్న మైదానం ఉందని, ఊటల నీటితో అక్కడ వరి, చిరుధాన్యాలు పండిస్తున్నారని కూడా రాశాడు. ఈ చివరి మాట ముఖ్యం. కొండ మీద పంట పండితే ముట్టడించినవాడు ఎన్నాళ్లు కాచుకు కూర్చోవాలి? ఇక లోపలికి నడవండి.

రెండో మజిలీ: ఊరు, చార్మినార్, చెరసాల

కోట లోపల నేటికీ మనుషులు నివసిస్తున్నారు. ఇది ఖాళీ శిథిలం కాదు. ఇళ్ల ముందు ఆరబోసిన ధాన్యం, కట్టేసిన పశువులు, అరుగుల మీద పెద్దవాళ్లు కనిపిస్తారు. ఇంటి ముంగిట ఫొటో తీయాలంటే ముందు అడగండి. "పెద్దాయనా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అంటే చాలామంది నవ్వుతూ ఒప్పుకుంటారు, పాత సంగతులు కూడా చెబుతారు.

నాలుగు మూలలా చిన్న మినార్లతో ఉన్న కట్టడాన్ని ఇక్కడివారు చార్మినార్ అంటారు. దాని సమీపంలో పాత చెరసాల ఉంది. జాలీ కిటికీలున్న పావురాల గోపురాన్ని కూడా చూడండి. వీటికి పది పదిహేను నిమిషాలు చాలు.

మూడో మజిలీ: మాధవరాయస్వామి ఆలయం

దీనికి కనీసం గంట కేటాయించండి. ఎత్తైన గోపురం, విశాలమైన ప్రాంగణం, యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) స్తంభాలు, విజయనగర శిల్పుల చేతివాటం అంతా ఇక్కడ కనిపిస్తుంది. నిత్యపూజలు లేవు. అయినా గుడి గుడే. స్తంభాల మీద నర్తకులు, గుర్రపు రౌతులు, జంతువుల బొమ్మలు ఉన్నాయి. ఉదయపు వాలు వెలుతురులో గీతలన్నీ విడిగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం అవే బొమ్మలు చదునుగా కనిపిస్తాయి. అందుకే ఈ ఆలయాన్ని ఎండ ఎక్కకముందే చూడమంటాను.

మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించాలనుకున్నాడని, ఆ పనికి క్లోద్ మాయే అనే ఫ్రెంచివాణ్ణి పెట్టాడని టావెర్నియర్ రాశాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదట. అది ఏ గుడో అతడు పేరు పెట్టి చెప్పలేదు. ఈ ప్రాంగణంలో తిరుగుతున్నంతసేపూ నాకు ఆ ఆరు విగ్రహాలే మనసులో మెదులుతాయి.

గోపురం లోపలి మెట్లు ఎక్కవద్దు. రాళ్లు కదిలి ఉండవచ్చు, పైకప్పు సందుల్లో తేనెతుట్టెలు ఉండవచ్చు. గోడల మీద పేర్లు చెక్కినవారి ఘనత మీకు ఎలాగూ కనిపిస్తుంది. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్లదాకా జైలు లేదా లక్ష రూపాయలదాకా జరిమానా లేదా రెండూ విధించవచ్చని చట్టం చెబుతోంది. మీతో వచ్చిన పిల్లలకు ఈ సంగతి అక్కడే చెప్పండి.

నాలుగో మజిలీ: మసీదు, ధాన్యాగారం, కోనేరు

జుమ్మా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి చూడాలి.

మసీదు రెండు మినార్లతో, ముందు తోరణాల వరుసతో, లోపలి ప్రాంగణంతో ఎంతో పొందికగా ఉంటుంది. గోల్కొండ పాలన తెచ్చిన కట్టడపు శైలి ఇది. మాధవరాయ ఆలయం చూసిన వెంటనే ఇక్కడికి వస్తే స్తంభం, దూలాలతో కట్టే పద్ధతికీ, తోరణం, గుమ్మటాలతో కట్టే పద్ధతికీ తేడా పుస్తకం అవసరం లేకుండానే తెలుస్తుంది.

ధాన్యాగారం బయటి నుంచి చూస్తే సాదాగా ఉంటుంది. లోపలికి వెళ్లండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. కమానులతో మోసిన ఎత్తైన పైకప్పు, మందమైన గోడలు, పొడవాటి గది. ముట్టడి నెలల తరబడి సాగినప్పుడు కోటను నిలబెట్టేది ఫిరంగులకన్నా ముందు ఈ గదిలో ఉన్న జొన్నలు. కోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఇదే. రాజమహళ్లు ఎక్కడైనా ఉంటాయి. ఒక ఊరు ఆకలికి భయపడి, ముందుచూపుతో కట్టుకున్న గది ఇంత పెద్దది, ఇంత చెక్కుచెదరకుండా నిలవడం అరుదు.

పక్కనున్న కోనేటిలో యుద్ధం ముగిశాక కత్తులు కడిగేవారని, నీళ్లు ఎర్రబడేవని స్థానికులు చెబుతారు. కథను కథగా వినండి, కోనేటిని మాత్రం నీటి వనరుగా చూడండి. కోటలో దీనితోపాటు రాయలచెరువు కూడా ఉంది. ధాన్యం, నీరు, నది అనే మూడూ ఇప్పుడు ఒకచోట కలుస్తాయి. ముట్టడించినవాడు కింద ఎండలో ఎదురుచూస్తుంటే పైనున్నవారు తమ గింజలు తిని, తమ నీళ్లు తాగి ఉండగలిగారు.

ఐదో మజిలీ: రంగనాథాలయం, తరువాత లోయ

ధాన్యాగారం దాటి లోయవైపు నడుస్తుంటే రంగనాథస్వామి ఆలయం వస్తుంది. మాధవరాయ ఆలయంకన్నా చిన్నది, మరింత శిథిలమైనది. కాసేపు నీడన కూర్చోవడానికి మంచి చోటు.

ఆ తరువాత బండలు మొదలవుతాయి. దారి ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. పెద్ద గుండ్ల మీదుగా, వాటి మధ్య సందుల్లోంచి జాగ్రత్తగా నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు, కళ్లు తిరిగే అలవాటున్నవారు అంచుదాకా వెళ్లనవసరం లేదు. కొంచెం వెనకనున్న ఎత్తు మీద నుంచి కూడా లోయ బాగానే కనిపిస్తుంది. అమెరికా నుంచో మరో దేశం నుంచో వచ్చిన పిల్లలు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని రావడం తరచూ చూస్తుంటాం. పెద్దవాళ్లకు ద్వారం, ఆలయం, మసీదు, ధాన్యాగారం నిదానంగా చూపించి, లోయ దగ్గర తోడుగా ఒకరు వారితో వెనక ఆగిపోతే అందరికీ సంతోషం.

అంచు దగ్గర పాటించాల్సిన నియమాలు చాలా సూటిగా చెబుతాను. అంచుకు వీపు పెట్టి నిలబడవద్దు. ఫోను చూస్తూ అడుగు వేయవద్దు. గాలి బలంగా వీచే రోజు ఎత్తైన బండ మీద నిలబడకుండా కూర్చోండి. వాన పడిన బండ జారుతుంది, ఆ రోజు అంచుకు వెళ్లవద్దు. చిన్నపిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలవద్దు. మద్యం తాగి అక్కడికి వచ్చేవారు కనిపిస్తే వారికి దూరంగా జరగండి. లోయలోకి దిగే ప్రయత్నం, నీళ్లలో ఈత రెండూ వద్దు.

తెల్లవారుజామున చూడటం అన్నిటికన్నా బాగుంటుంది. వెలుతురు మొదట అవతలి గట్టు పైఅంచును తాకుతుంది, తరువాత పొర పొరగా కిందికి దిగుతుంది. అప్పుడే దుర్భిణి తీయండి. రాతి పొరలు గోడలో ఒకదానిమీద ఒకటి పేర్చిన పుస్తకాల్లా అడ్డంగా కనిపిస్తాయి. ఆ పొరల నడుమ నిలువునా చీలికలుంటాయి. నది ఆ బలహీనమైన చోట్లను తొలుచుకుంటూ పోతే, పెద్ద పెద్ద దిమ్మలు విడిపోయి కూలిపోయాయి. మీరు నిలబడిన గుండ్లు కూడా అలా విడిపోతున్నవే. గోడలు ఇంత నిట్టనిలువుగా ఉండటానికి కారణం అదే.

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన ఈ నది నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. కోట దాని కుడిగట్టున ఉంది. అవతలి గట్టు మీద శత్రుసైన్యం దిగిందనుకోండి. వారికి కోట కళ్లెదుటే ఉంటుంది. అయినా నిలువు గోడ దిగి, నది దాటి, మరో నిలువు గోడ ఎక్కితే తప్ప చేరుకోలేరు.

సమయాన్ని ఎలా పంచుకోవాలి

మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి చేరుకుని, తూర్పు ద్వారం, ఊరు, మసీదు, ధాన్యాగారం చూసి, సూర్యాస్తమయానికి లోయ దగ్గర ఉండండి. చీకటి పడకముందే బండల మీద నుంచి వెనక్కి వచ్చేయాలి, టార్చి ఉందన్న ధైర్యంతో ఆలస్యం చేయవద్దు. రెండోరోజు తెల్లవారుజామున మళ్లీ లోయ, ఎండ ఎక్కేలోపు మాధవరాయ ఆలయం, ఆ తరువాత ప్రాకారం వెంట కొంత నడక. ఉదయం పదిన్నరకు ముగించండి. ఒక్కరోజే ఉన్నవారు తెల్లవారుజామున లోయతో మొదలుపెట్టి వెనక నుంచి ముందుకు, ద్వారం చివరగా చూడవచ్చు.

అక్కడి నుంచి ఎక్కడికి

చాలామంది బేలం గుహలకు వెళ్తారు. కొలిమిగుండ్ల మండలంలో ఉన్న ఆ సున్నపురాతి గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు సందర్శకులు నడవవచ్చు. పిల్లలకు బాగా నచ్చుతాయి. లోపల ఉక్కగా ఉంటుంది, నీళ్లు తీసుకెళ్లండి.

కానీ ఒక్కచోటికే సమయం ఉంటే నేను తాడిపత్రికి వెళ్లమంటాను. అది కూడా పెన్నా ఒడ్డునే, కొంచెం ఎగువన ఉంది. అక్కడి బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం కట్టించింది ఇదే పెమ్మసాని వంశం. గండికోటలో మీరు చూసినవి శత్రువు కోసం కట్టిన గోడలు, తాడిపత్రిలో చూసేవి అదే కుటుంబం దేవుడి కోసం చెక్కించిన రాళ్లు. రామలింగేశ్వరాలయంలోని గోపురాల మీద శిల్పం వదలకుండా నిండిన తీరు చూడాలి. అక్కడ నిత్యపూజలు జరుగుతాయి, మధ్యాహ్నం గుడి మూసి ఉండే వేళలు కనుక్కుని బయలుదేరండి. గండికోట నుంచి ఉదయం పదిన్నరకు కదిలితే దారిలో భోజనం ముగించుకుని, సాయంత్రం తలుపులు తెరిచే వేళకు హాయిగా చేరవచ్చు. రైలెక్కాలన్నా తాడిపత్రి స్టేషన్ ముంబై–చెన్నై మార్గంలోనే ఉంది.